ఒకే నేల, ఇద్దరికీ స్వయంనిర్ణయ హక్కు: మూట్ మెమోరియల్ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

కావలి లా విద్యార్థి:

అన్నలకీ మేడమ్‌లకీ నమస్కారం. వచ్చే నెల నెల్లూరులో మూట్ (లా విద్యార్థుల నమూనా కోర్టు పోటీ) ఉంది. ప్రాబ్లంలో దేశాల పేర్లు మార్చారు గానీ, చదివితే ఇజ్రాయెల్, పాలస్తీనా అని తెలిసిపోతోంది. రెండు వైపులా మెమోరియల్ (రాతపూర్వక వాదన) రాయాలి.

నేను ఆగిపోయిన చోట్లు చెప్తాను. యూదులూ ఒక ప్రజే, పాలస్తీనీయులూ ఒక ప్రజే అని ఒప్పుకుంటే ఒకే నేల మీద ఇద్దరి స్వయంనిర్ణయ హక్కూ (తమ రాజకీయ భవిష్యత్తు తామే తేల్చుకునే హక్కు) ఎట్టా నిలుస్తుంది? ఒకరిది ఒప్పుకుంటే రెండోవాళ్లది కొట్టేసినట్టేనా? వాదన 1917 బాల్ఫోర్ ప్రకటన నుంచి మొదలుపెట్టాలా, 1947 విభజన తీర్మానం నుంచా? 2024లో ఇజ్రాయెల్ ఆక్రమణ మీద ఐసీజే (అంతర్జాతీయ న్యాయస్థానం) చెప్పింది సలహా మాత్రమే కదా, దాని మీద ఎంత బరువు పెట్టొచ్చు? ఇంకోటి, బెంచి మీద నుంచి "ఆంధ్ర రాష్ట్రం కూడా స్వయంనిర్ణయమేనా?" అని అడిగితే ఏం చెప్పాలి? మన జిల్లాలో ఈ ప్రశ్న పడే అవకాశం బాగా ఉంది.

నెల్లూరు వకీలు:

తమ్ముడూ, నువ్వు తేదీతో మొదలుపెట్టాలని చూస్తున్నావు. ముందు ప్రశ్నలు విడదీసుకో. హక్కు ఎవరిది, ఏ భూభాగంలో, ఏ రూపంలో, దానికి అడ్డుపడుతున్నది ఎవరు. ఈ నాలుగూ వేరు వేరు. చాలా మెమోరియళ్లు మొదటిదానికి జవాబు రాసి, రెండోదానికి కూడా జవాబు వచ్చేసిందనుకుంటాయి. ఒక ప్రజకి స్వయంనిర్ణయ హక్కు ఉందంటే ఫలానా సరిహద్దు దాకా నేల వాళ్లదని అర్థం కాదు. అది పట్టా కాదు. ఇది గట్టిగా పట్టుకుంటే నీ మొదటి అనుమానం సగం తీరిపోతుంది: ఇద్దరికీ హక్కు ఉండటంలో వైరుధ్యం లేదు, గొడవంతా నేల దగ్గర వస్తుంది.

హక్కు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక్క పేరాలో చెప్పెయ్యి. 1945 ఐక్యరాజ్యసమితి చార్టర్ ఒకటో అధికరణ రెండో క్లాజు, 55వ అధికరణ. అక్కడది ఇంకా ఒక లక్ష్యంగానే ఉంది. 1960 డిసెంబరు 14 నాటి 1514వ తీర్మానం దాన్ని వలస ప్రజల హక్కుగా చెప్పింది. 1966 నాటి రెండు మానవ హక్కుల ఒడంబడికల్లోనూ మొదటి అధికరణ ఒకటే, అదీ ఇదే హక్కు. 1976 నుంచి అమల్లో ఉన్నాయి. 1970 నాటి 2625వ తీర్మానం వివరాలు పూరించింది.

ఇప్పుడు యూదుల వైపు. బాల్ఫోర్ ప్రకటన బ్రిటన్ విదేశాంగ మంత్రి 1917 నవంబరు 2న లార్డ్ రాత్‌చైల్డ్‌కి రాసిన ఉత్తరం. అప్పటికి జెరూసలేం బ్రిటన్ చేతిలో కూడా లేదు. ఉత్తరాన్ని ఉత్తరంగా ఉదహరిస్తే బెంచి ఒక్క ప్రశ్నతో పడగొడుతుంది. దానికి చట్టబలం వచ్చింది 1922 జులై 24న నానాజాతి సమితి (ఐక్యరాజ్యసమితికి ముందున్న సంస్థ) ఖరారు చేసిన మాండేట్ (పాలస్తీనాని పాలించమని బ్రిటన్‌కి ఇచ్చిన అధికారపత్రం) వల్ల. ఆ ప్రకటన మాండేట్ పీఠికలోకి ఎక్కింది, యూదు ప్రజకి పాలస్తీనాతో ఉన్న చారిత్రక సంబంధాన్ని పీఠికే గుర్తించింది, రెండో అధికరణ జాతీయ నివాసం ఏర్పడే పరిస్థితులు కల్పించాలంది. ఒక అంతర్జాతీయ పత్రం యూదుల్ని మతంగా కాక ఒక ప్రజగా గుర్తించిందని చూపించడానికి ఇదే నీ బలమైన ఆధారం. అయితే అందులో ఉన్నది జాతీయ నివాసం, రాజ్యం కాదు. ఇది అవతలి పక్షం చెప్పేలోపే నువ్వే చెప్పు.

అక్కడి నుంచి 1947 నవంబరు 29 విభజన తీర్మానం, 1948 మే 14 ఇజ్రాయెల్ ఏర్పాటు ప్రకటన, 1949 మే 11న ఐక్యరాజ్యసమితి సభ్యత్వం. చివరి రెండే అసలు పునాది. ఇజ్రాయెల్ రాజ్యంగా నిలిచింది నేల మీద నడిచిన ప్రభుత్వం వల్ల, ఇతర దేశాల గుర్తింపు వల్ల, సభ్యత్వం వల్ల. మాండేట్‌లో లోపం ఉందని రేపు ఎవరైనా రుజువు చేసినా రాజ్యం రద్దవదు. అందుకే పాలస్తీనా వైపు రాసేటప్పుడు 1948ని కొట్టెయ్యమని మాత్రం అడగొద్దు. దానివల్ల నీకు ఒరిగేది లేదు, ఐసీజే ఎన్నడూ అటు పోలేదు.

పాలస్తీనా వైపు మొదలు కూడా 1948 కాదు. నానాజాతి సమితి నిబంధనావళి 22వ అధికరణ నాలుగో పేరా తీసుకో. టర్కీ సామ్రాజ్యం నుంచి విడివడ్డ కొన్ని సముదాయాల్ని స్వతంత్ర జాతులుగా తాత్కాలికంగా గుర్తించవచ్చు, వాళ్లు సొంతకాళ్ల మీద నిలబడేదాకా ఒక దేశం సాయపడాలి అన్నదే దాని సారం. 1922 జనాభా లెక్కల్లో పాలస్తీనాలో యూదులు సుమారు 11 శాతం. మిగతావాళ్లకి మాండేట్ ఇచ్చిన భరోసా పౌర, మత హక్కుల దాకానే; రాజకీయ హక్కుల ఊసు లేదు. మాండేట్ తన తల్లి పత్రానికే విరుద్ధంగా ఉందనే వాదన ఇక్కణ్ణుంచి పుడుతుంది.

రెండు పక్షాలూ సగం సగం వాడుకునే కేసు ఒకటుంది: 1928 నాటి పాల్మాస్ దీవి తీర్పు, మధ్యవర్తి మాక్స్ హూబర్. హక్కు పుట్టిందా లేదా అన్నది ఆనాటి చట్టంతో చూడాలన్నాడు. కానీ ఆ హక్కు నేటికీ నిలిచి ఉందా అన్నది మారుతూ వచ్చిన చట్టంతో చూడాలని కూడా అన్నాడు. మొదటి సగం మాండేట్‌ని కాపాడుతుంది, రెండో సగం 1960 తర్వాతి చట్టాన్ని లోపలికి తెస్తుంది. నువ్వు ఏ వైపున్నా రెండు సగాలూ చదివి వెళ్లు.

ఒంగోలు లెక్చరర్:

వకీలు గారు నేల సంగతి నాకు వదిలేసినట్టున్నారు. బాబూ, ఇక్కడ అంకెలు దగ్గర పెట్టుకోకపోతే వాదన గాల్లో తేలుతుంది.

జోర్డాన్ నదికీ సముద్రానికీ మధ్య ఉన్న మాండేట్ భూభాగం 26 నుంచి 27 వేల చదరపు కిలోమీటర్లు. పాత ప్రకాశం జిల్లా 17,626, పాత నెల్లూరు 13,076. రెండూ కలిపితే మొత్తం మాండేట్ నేల కంటే ఎక్కువ. వెస్ట్ బ్యాంక్ సుమారు 5,650, గాజా 365. అంటే ఇవాళ పాలస్తీనా స్వయంనిర్ణయం గురించి ఐసీజే మాట్లాడే నేలంతా కలిపినా పాత నెల్లూరు జిల్లాలో సగం లేదు. అంత చిన్న నేలలో రోడ్లూ, ఇజ్రాయెల్ కట్టిన గోడా, సెటిల్మెంట్లూ (ఇజ్రాయెలీల కాలనీలు) అడ్డంగా పడితే ముక్కలు ఎంత చిన్నవవుతాయో ఊహించు. భూభాగ సమగ్రత గురించి కోర్టు అంత గట్టిగా మాట్లాడిన కారణం ఈ పరిమాణం చూస్తేనే బోధపడుతుంది.

1947 నవంబరు 29 నాటి 181వ తీర్మానం: అనుకూలం 33, వ్యతిరేకం 13, తటస్థం 10. భారత్ వ్యతిరేకంగా ఓటేసింది. దానికి ముందు పదకొండు దేశాల ఐక్యరాజ్యసమితి కమిటీలో భారత్, ఇరాన్, యుగోస్లావియా కలిసి విభజన వద్దు, ఒకే సమాఖ్య రాజ్యం కావాలని వేరే ప్రణాళిక ఇచ్చాయి. తీర్మానం ప్రకారం యూదు రాజ్యానికి సుమారు 56 శాతం నేల, అరబ్ రాజ్యానికి 43, జెరూసలేం అంతర్జాతీయ పాలన కింద. అప్పటికి యూదులు జనాభాలో మూడో వంతు. జనరల్ అసెంబ్లీ చేసింది సిఫార్సు. అది దానంతటది రాజ్యాల్ని పుట్టించలేదు, చెప్పినట్టు అమలూ కాలేదు. "181 ద్వారా ఇజ్రాయెల్ ఏర్పడింది" అని రాస్తే తప్పు. "181 ఇద్దరికీ రాజ్యార్హత ఉందని గుర్తించింది" అని రాస్తే ఒప్పు, పైగా రెండు పక్షాలకీ పనికొస్తుంది.

యుద్ధం ఆగాక 1949లో ఈజిప్టు, లెబనాన్, జోర్డాన్, సిరియాలతో కాల్పుల విరమణ ఒప్పందాలు. మాండేట్ నేలలో దాదాపు 78 శాతం ఇజ్రాయెల్ చేతికొచ్చింది. సుమారు ఏడు లక్షల మంది పాలస్తీనీయులు శరణార్థులయ్యారు. ఆ విరమణ గీతే గ్రీన్ లైన్. ఆ గీత ముందుముందు తేలే సరిహద్దులకి, ఎవరి వాదనలకీ అడ్డం కాదని జోర్డాన్ ఒప్పందంలోనే రాసుకున్నారు. ఇజ్రాయెల్ వైపు వాదించేటప్పుడు ఇది వాడు. పాలస్తీనా వైపు జవాబు: గీత తుది సరిహద్దు కాకపోయినా, 1967లో దాన్ని దాటి బలంతో పట్టుకున్న నేల మీద సార్వభౌమత్వం రాదు. 1967 నవంబరు 22 నాటి భద్రతామండలి 242వ తీర్మానం పీఠిక ఆ మాటే అంటుంది. ఒక హెచ్చరిక: 242లో పాలస్తీనీయుల స్వయంనిర్ణయం ఎక్కడా లేదు, శరణార్థుల సమస్య అని మాత్రమే ఉంది. దాన్ని ఆ హక్కుకి ఆధారంగా పెట్టొద్దు. ఆ హక్కుకి 1970 డిసెంబరు నాటి 2672 సి, 1974 నవంబరు 22 నాటి 3236 తీర్మానాలు పెట్టు.

ఇజ్రాయెల్ వైపు తెలివైన వాదన ఇంకోటుంది. కొత్త రాజ్యానికి పాత పాలనా సరిహద్దులే సంక్రమిస్తాయనే సూత్రం ప్రకారం మాండేట్ సరిహద్దులన్నీ ఇజ్రాయెల్‌వే అని. 2024లో ఐసీజే న్యాయమూర్తి సెబుటిండే భిన్నాభిప్రాయంలో ఇది కనిపిస్తుంది. వాడితే వాడు గానీ రెండు గుంతలున్నాయి. మాండేట్ ముగిసేనాటికి ఐక్యరాజ్యసమితి ముందున్నది ఒక రాజ్యం కాదు, రెండు రాజ్యాల ప్రణాళిక. రెండోది, వెస్ట్ బ్యాంక్ యుద్ధాక్రమణ కింద ఉందని ఇజ్రాయెల్ సుప్రీంకోర్టే 2004 బెయిట్ సూరిక్ తీర్పులో చెప్పింది. సొంత కోర్టు మాటని దాటి వాదించడం కష్టం.

ఆంధ్ర రాష్ట్రం ప్రశ్నకి జవాబు: మన రెండు జిల్లాలకీ పేర్లిచ్చిన ఇద్దరూ ఆ చరిత్రలోనే ఉన్నారు. పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న నిరాహార దీక్షలో కన్నుమూశారు, 1953 అక్టోబరు 1న రాష్ట్రం వచ్చింది, ప్రకాశం పంతులు మొదటి ముఖ్యమంత్రి. అది ఒక సార్వభౌమ రాజ్యం లోపల, పార్లమెంటు చేసిన చట్టంతో, రాజ్యాంగం మూడో అధికరణ కింద జరిగిన పునర్విభజన. కావాలంటే అంతర్గత స్వయంనిర్ణయం అనొచ్చు. కెనడా సుప్రీంకోర్టు 1998లో క్విబెక్ రాష్ట్రం విడిపోవచ్చా అన్న వ్యవహారంలో ఈ తేడా బాగా విడదీసింది: లోపలే తమ భవిష్యత్తు తేల్చుకునే దారి ఉన్నచోట వేరు రాజ్యం హక్కు పుట్టదు; వలసపాలన, పరాయి పెత్తనం కింద ఉన్న ప్రజకి పుడుతుంది. ఆంధ్రులకి ఓటుంది, పార్లమెంటులో సీటుంది. వెస్ట్ బ్యాంక్ పాలస్తీనీయుడికి తనమీద సైనిక ఉత్తర్వులు జారీ చేసే ప్రభుత్వాన్ని ఎన్నుకునే ఓటు లేదు. తేడా అక్కడ చూపించు, బెంచికి వేరే చెప్పక్కర్లేదు.

దీనికి తోడు, 1979లో ఒడంబడికల్లో చేరినప్పుడు భారత్ మొదటి అధికరణ మీద ఒక ప్రకటన జత చేసింది: ఈ హక్కు విదేశీ ఆధిపత్యం కింద ఉన్న ప్రజలకే, సార్వభౌమ దేశంలోని ఒక భాగానికి కాదు అని. ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్ దానికి అభ్యంతరం చెప్పాయి. ఆ ఇరుకైన భారతీయ కొలమానంతో కొలిచినా పాలస్తీనా కేసు నిలుస్తుంది.

ఆత్మకూరు ఎల్ఎల్ఎం:

పై రెండు జవాబులూ చదివాక ఒక మాట చెప్పాలనిపించింది. యూదుల స్వయంనిర్ణయం 1949తో ముగిసిపోయిన అధ్యాయంలా రాయొద్దు. రాజ్యం వచ్చాక కూడా హక్కు బతికే ఉంటుంది. బెదిరింపు లేకుండా, గుర్తించిన సరిహద్దుల్లో శాంతిగా బతకడం 242 చెప్పిన రెండో సగం. 1975లో 3379వ తీర్మానం జియోనిజాన్ని (యూదులకి సొంత జాతీయ నివాసం కావాలన్న ఉద్యమాన్ని) జాతివివక్షగా ముద్ర వేసింది. 1991 డిసెంబరు 16న 46/86 తీర్మానం దాన్ని రద్దు చేసింది; మొదటిదానికీ, రద్దుకీ రెండింటికీ భారత్ అనుకూలంగానే ఓటేసింది. పాలస్తీనా వైపు రాసేవాళ్లు రద్దయిన తీర్మానాన్ని ఉదహరిస్తే పరువు పోతుంది.

ఆయుధం ప్రశ్న తప్పక వస్తుంది. స్వయంనిర్ణయ పోరాటం న్యాయమైనదైనా, పౌరుల్ని చంపడం, బందీలుగా పట్టుకుపోవడం ఏ హక్కు కిందా చెల్లవు. 2023 అక్టోబరు 7న పాలస్తీనా సాయుధ సంస్థ హమాస్ ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మందిని చంపిన దాడిని పాలస్తీనా మెమోరియల్ మొహమాటం లేకుండా ఖండించాలి. ఖండిస్తే నీ పక్షం బలహీనపడదు, ఎందుకంటే హక్కు ప్రజది, హమాస్‌ది కాదు. అదే కొలమానం ఇటూ పెట్టాలి: ఆత్మరక్షణ హక్కు ఉన్నా గాజా పౌరుల మీద జరిగిన దానికి యుద్ధ నియమాల కింద జవాబు చెప్పాల్సిందే. చనిపోయింది మనుషులు, అది రాసేటప్పుడు మర్చిపోకండి.

ఇజ్రాయెల్ వైపుకి బలహీనమైన చోటు 2018 జులై 19 నాటి మౌలిక చట్టం (రాజ్యాంగ స్థాయి చట్టం). ఇజ్రాయెల్ రాజ్యంలో జాతీయ స్వయంనిర్ణయ హక్కు యూదు ప్రజకే ప్రత్యేకమని రాసుకున్నారు. పౌరుల్లో ఐదో వంతు అరబ్బులు. వివక్ష లేకుండా మొత్తం ప్రజలకీ ప్రాతినిధ్యం వహించే ప్రభుత్వం గురించి 2625 చెప్పిన క్లాజుని బెంచి చదివి వినిపిస్తుంది. ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు 2021లో పదికి ఒకటిగా ఆ చట్టాన్ని నిలబెట్టిందని, సమానత్వానికి అడ్డం రాకుండానే దాన్ని చదవాలందని చెప్పుకోవచ్చు. అంతకుమించి దొరకదు.

కావలి లా విద్యార్థి:

అందరికీ థాంక్స్. మేడమ్, ఐసీజే సంగతి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. 2004దీ 2024దీ రెండూ పెట్టాలా? సలహా అయినప్పుడు "కట్టుబడాలి" అనే మాట వాడొచ్చా?

ఒంగోలు లెక్చరర్:

రెండూ పెట్టు, కానీ వేరు వేరు పనులకి.

ముందు సలహా ఎందుకైందో తెలుసుకో. దేశాల మధ్య వ్యాజ్యానికి రెండు పక్షాల అంగీకారం కావాలి, ఇజ్రాయెల్ ఆ అంగీకారం ఇవ్వలేదు. కాబట్టి జనరల్ అసెంబ్లీ చార్టర్ 96వ అధికరణ కింద ప్రశ్న అడిగింది. వ్యాజ్యంలో తీర్పు ఐసీజే సొంత నిబంధనావళి (స్టాట్యూట్) 59వ అధికరణ ప్రకారం పక్షాలకి కట్టుబాటు. సలహాకి అది లేదు. కానీ ఆ సలహాలో కోర్టు గుర్తించిన చట్టం అప్పటికే కట్టుబడాల్సిన చట్టం. అందుకని "ఐసీజే అభిప్రాయానికి కట్టుబడాలి" అని రాయకు. "ఐసీజే నిర్ధారించిన ఈ నియమానికి దేశాలన్నీ కట్టుబడాలి" అని రాయి. ఈ ఒక్క తేడా మీదే మెమోరియల్ స్థాయి తెలిసిపోతుంది.

వెస్ట్ బ్యాంక్‌లో ఇజ్రాయెల్ కట్టిన గోడ మీద 2004 జులై 9న ఐసీజే ఇచ్చిన అభిప్రాయంలో 118వ పేరా: పాలస్తీనా ప్రజ ఉందా లేదా అన్నది ఇక వివాదం కాదు. 1993 సెప్టెంబరు 9న ఇజ్రాయెల్ ప్రధాని పీఎల్ఓని (పాలస్తీనా విమోచన సంస్థని) పాలస్తీనా ప్రజల ప్రతినిధిగా గుర్తిస్తూ ఇచ్చిన ఉత్తరాన్ని కోర్టు అక్కడ ఆధారం చేసుకుంది. "అట్టాంటి ప్రజ లేదు" అనే వాదనకి అవతలి పక్షం సంతకమే జవాబు. 159వ పేరా ఇతర దేశాల బాధ్యత చెప్తుంది: అక్రమ స్థితిని గుర్తించొద్దు, సాయపడొద్దు.

2024 జులై 19 అభిప్రాయం ఇంకో మెట్టు. పరాయి ఆక్రమణ ఉన్నచోట స్వయంనిర్ణయం ఏ ఒప్పందంతోనూ పక్కనపెట్టలేని నియమమని 233వ పేరా. ఆ హక్కు ఉందా లేదా అన్నదానికి ఆక్రమించిన దేశం షరతులు పెట్టలేదని 257వ పేరా. ఆ రెండింటి మధ్య హక్కుని నాలుగు భాగాలుగా విడదీసింది: భూభాగ సమగ్రత, ప్రజని చెల్లాచెదురు చేయకుండా కాపాడటం, సహజ వనరుల మీద శాశ్వత సార్వభౌమత్వం, తమ రాజకీయ హోదా, ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక అభివృద్ధి తామే తేల్చుకోవడం. నీ పాలస్తీనా మెమోరియల్‌కి ఈ నాలుగే నాలుగు ఉపశీర్షికలు. ప్రతిదాని కిందా ఒక్క వాస్తవం పెట్టు, ఎక్కువొద్దు. వనరుల కింద నీళ్లు పెట్టు: 1967 నవంబరు నాటి 158వ సైనిక ఉత్తర్వు ప్రకారం కొత్త బావి తవ్వాలన్నా, నీటి పంపు బిగించాలన్నా సైన్యం అనుమతి కావాలి. రైతు తన పొలంలో నీళ్ల కోసం పరాయి సైన్యాన్ని అడగాల్సి రావడం అంటే ఏంటో మన ప్రాంతంలో ఏ బెంచికీ వివరించక్కర్లేదు. భూభాగం కింద ఇజ్రాయెల్, పీఎల్ఓల 1995 రెండో ఓస్లో ఒప్పందం: వెస్ట్ బ్యాంక్ ఎ, బి, సి ప్రాంతాలైంది, సి సుమారు 60 శాతం, ఇజ్రాయెల్ పూర్తి అదుపులో.

ఓట్లు కూడా సరిగ్గా రాయి. ఆక్రమిత పాలస్తీనా నేలలో ఇజ్రాయెల్ కొనసాగడం చట్టవిరుద్ధం అన్నదానికి 11-4. సెటిల్మెంట్లు ఆపాలి అన్నదానికి 14-1. ఈ తేడా ముఖ్యం. సెటిల్మెంట్ల మీద కోర్టులో దాదాపు ఏకాభిప్రాయం ఉంది, అక్కడ ఇజ్రాయెల్ కొనసాగడం మొత్తం మీద లేదు. ఇజ్రాయెల్ వైపు వాదించేవాడు తన బలాన్ని ఆ నలుగురి దగ్గర వెతుక్కోవాలి: భద్రత అవసరాలు, ఓస్లోలో చర్చలకి వదిలిన తుది అంశాలు. సెటిల్మెంట్లని సమర్థించడానికి సమయం వృథా చేసుకోకు, ఆక్రమించిన దేశం తన జనాన్ని ఆ నేలలోకి తరలించకూడదన్న నాలుగో జెనీవా ఒప్పందం 49వ అధికరణ ఆరో పేరా దగ్గరే ఆగిపోతావు.

దర్శి గ్రూప్స్:

ఇందాకటి నుంచి చదువుతున్నాను. గుర్తింపు, సభ్యత్వం, స్వయంనిర్ణయం మూడింటినీ కలిపేయకండి. 2012 నవంబరు 29న జనరల్ అసెంబ్లీలో 138-9-41తో పాలస్తీనాకి వచ్చింది సభ్యత్వం లేని పరిశీలక రాజ్య హోదా. పూర్తి సభ్యత్వానికి చార్టర్ నాలుగో అధికరణ కింద భద్రతామండలి సిఫార్సు కావాలి, 2024 ఏప్రిల్ 18న పన్నెండు ఓట్లు వచ్చినా అమెరికా వీటో చేసింది. 2025 సెప్టెంబరులో బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, ఫ్రాన్స్ ఇచ్చింది గుర్తింపు. ఇవేవీ లేకపోయినా ప్రజ హక్కు ఉంటుంది.

భారత్ గురించి అడిగితే: ఇజ్రాయెల్‌ని 1950 సెప్టెంబరు 17న గుర్తించింది, పూర్తి దౌత్య సంబంధాలు 1992 జనవరిలో. పాలస్తీనాని 1988 నవంబరులో గుర్తించింది. ఐసీజేని ప్రశ్న అడిగిన 2022 డిసెంబరు 30 తీర్మానంలో తటస్థం. అభిప్రాయం వచ్చాక, ఇజ్రాయెల్ ఆక్రమిత నేల నుంచి పన్నెండు నెలల్లో వైదొలగాలన్న 2024 సెప్టెంబరు 18 తీర్మానంలోనూ తటస్థమే. "భారత్ ఎప్పుడూ అనుకూలంగానే ఓటేసింది" అని రాస్తే దొరికిపోతారు.

నెల్లూరు వకీలు:

బాగా చెప్పారు. తమ్ముడూ, చివర్లో ప్రార్థన భాగం (కోర్టుని ఏం కోరుతున్నామో చెప్పే భాగం) జాగ్రత్త. పాలస్తీనా వైపు "రాజ్యాన్ని ఏర్పాటు చేయమని" కోర్టుని అడగొద్దు, ఏ కోర్టూ రాజ్యాన్ని ఏర్పాటు చేయదు. హక్కు ఉందని ప్రకటించమను, ఫలానా చర్యలు దాన్ని అడ్డుకుంటున్నాయని ప్రకటించమను, అవి ఆపి నష్టపరిహారం ఇమ్మను, మూడో దేశాలు గుర్తించకుండా, సాయపడకుండా ఉండాలని చెప్పమను. ఈ వరుసలోనే.

ఇజ్రాయెల్ వైపు ప్రార్థనలో మొదటి వాక్యం ఇజ్రాయెల్ ప్రజ స్వయంనిర్ణయం, భద్రమైన సరిహద్దుల్లో బతికే హక్కు తిరిగి ధ్రువీకరించమని. రెండోది తుది సరిహద్దు చర్చల ద్వారా తేలాలని. పాలస్తీనా ప్రజకి హక్కే లేదని ప్రకటించమని మాత్రం అడగకు. సొంత సంతకం ఉన్న 1993 ఉత్తరం మరుక్షణం బల్ల మీదికొస్తుంది. శరణార్థుల తిరిగిరాకని రెండు మెమోరియళ్లలోనూ వేరే శీర్షిక కింద పెట్టు. 1948 నాటి 194వ తీర్మానం 11వ పేరా దాని ఆధారం, అది వ్యక్తుల హక్కుగా నడిచే వాదన. స్వయంనిర్ణయంలో కలిపితే రెండూ పలచబడతాయి.